మూడు ఎనిమిదులు, యాభై డాలర్లు

ప్రశ్న: అన్నా, నేను న్యూజెర్సీలో, ఎడిసన్‌లో ఉంటాను. శనివారాలు ఫ్రెండ్ వాళ్ళ బేస్‌మెంట్‌లో పోకర్ ఆడతాం. నెలకోసారి అట్లాంటిక్ సిటీ కాసినోకి వెళ్ళి 1–3 నో లిమిట్ టేబుల్ (ముందుగా కట్టే బ్లైండ్ పందేలు 1, 3 డాలర్లు, ఆపైన పందేనికి హద్దు లేదు) మీద 300 డాలర్లు పెట్టుకుని కూర్చుంటాను. మొన్న నాకు డైమండ్ ఎనిమిది, కళావరు ఎనిమిది వచ్చాయి. పందెం పెంచి 15కి రైజ్ చేస్తే, ముందుగానే 3 కట్టిన బిగ్ బ్లైండ్‌లో ఉన్న ఒక పెద్దాయన మాత్రమే కాల్ చేశారు, అంటే అంతే కట్టి ఆటలో ఉన్నారు. ఫ్లాప్‌లో, అంటే కింద అందరికీ కలిపి పరిచే మొదటి మూడు ముక్కల్లో, ఆఠీన్ రాజు, ఇస్పేటు ఎనిమిది, ఆఠీన్ మూడు. పాట్, అంటే మధ్యలో కుప్ప, 30. ఆయన పారిపోతారేమోనని 10 వేశాను, కాల్. టర్న్‌లో, అంటే నాలుగో ముక్కగా, కళావరు తొమ్మిది, 15 వేశాను, కాల్. రివర్‌లో, అంటే ఆఖరిదైన ఐదో ముక్కగా, డైమండ్ రెండు, 25 వేశాను, ఆలోచించకుండా కాల్. ఆయన ఆసు, రాజు చూపించారు. ఫ్లాప్ పడేసరికి ఇద్దరి దగ్గరా చెరో 285 ఉన్నాయి. గెలిచింది నేనే, కానీ కారెక్కాక ఓడినవాడిలా అనిపించింది. నాకెప్పుడూ ఇంతే, మంచి ముక్కలు వస్తే చిన్న పాట్, ఓడితే పెద్ద పాట్. జాకీల జత వస్తే టెన్షన్‌తో 25 కొట్టేస్తాను. ఆసుల జత వస్తే అందరూ ఉండాలని 8 వేస్తాను, పోయినసారి ఐదుగురు వచ్చి ముంచేశారు. ఎంత వేయాలో ఒక లెక్క చెప్పగలవా? ఆ రివర్‌లో మూడో ఆఠీన్ పడి ఉంటే ఏం చేయాలో కూడా చెప్పు.

జవాబు: తమ్ముడూ, కారెక్కాక నీకు అనిపించింది తప్పు కాదు. ఆ ఆటలో నువ్వు ఆయన దగ్గర ఫ్లాప్ తర్వాత తీసుకున్నది 50 డాలర్లు. ఆసు రాజుతో ఆ పెద్దాయన ఇంకో నూరు, నూట పాతిక తేలిగ్గా ఇచ్చేవారు. నువ్వు అడగలేదు, ఆయన ఇవ్వలేదు.

ఆ చెయ్యి ఎంత అరుదో ముందు చూడు. చేతికి జత రావడం పదిహేడు ఆటలకి ఒకసారి. జత వచ్చాక ఫ్లాప్‌లో అది సెట్ (నీ మూడు ఎనిమిదుల్లా ఒకే అంకెవి మూడు) కావడం ఎనిమిదిన్నర సార్లకి ఒకసారి. రెండూ కలిపితే సుమారు 145 ఆటలకి ఒక్కటి. కాసినో టేబుల్ మీద గంటకి పాతిక, ముప్ఫై ఆటలు పంచుతారు. అంటే వచ్చిన ప్రతి జతతోనూ ఫ్లాప్ చూసినా, అయిదు గంటలు కూర్చుంటే ఒక సెట్. గంటన్నర డ్రైవ్ చేసి వెళ్ళి, అయిదు గంటలు చెత్త ముక్కలు పడేస్తూ కూర్చుని, చివరికి వచ్చిన ఆ ఒక్క సెట్‌తో మొదటి పందెం పది డాలర్లు!

నీ ఉత్తరంలో ‘పారిపోతారేమోనని’ అన్న మాట దగ్గర ఆగాను. మనలో చాలామందికి ఈ భయం మూడు ముక్కలాట నుంచే వస్తుందని నా అనుమానం. సంక్రాంతికి పెదనాన్న వాళ్ళ అరుగు మీద మనం నేర్చుకున్న ఆటలో, ముక్కలు చూసుకున్నాక పందెం ముందువాడు వేసినంత, కాదంటే దానికి రెట్టింపు. మధ్యలో కుప్ప ఎంత పెరిగిందన్నది ఆ పందేనికి సంబంధం లేని విషయం. అందుకే డబ్బుని రూపాయల్లో, డాలర్లలో చూడటం అలవాటైపోయింది. ‘పదిహేను వేశాను, తక్కువేం కాదు కదా’ అనిపిస్తుంది. నో లిమిట్‌లో పదిహేను ఎక్కువో తక్కువో పాట్ చూస్తే తప్ప తెలియదు. 20 పాట్‌లో అది గట్టి పందెం. నీ టర్న్‌లో పాట్ 50, అక్కడ పదిహేను అంటే మూడో వంతు కూడా లేదు.

ఇక పారిపోవడం సంగతి. రివర్ లెక్క అన్నిటికన్నా తేలిక కాబట్టి అక్కడ మొదలుపెడదాం. నీ రివర్‌లో పాట్ 80, నువ్వు 25 వేశావు. అలాంటి రివర్లు పది వచ్చాయనుకో. పదిసార్లూ కాల్ చేశారనుకో. నీకు వచ్చేది 250. అదే చోట 75 వేశావనుకో. పదిమందిలో ఆరుగురు ముక్కలు పడేసి వెళ్ళిపోయారు, నలుగురే కాల్ చేశారు. నీకు వచ్చేది 300. ఆరుసార్లు పారిపోయినా నీకే లాభం! మూడు రెట్లు పెద్ద పందేనికి మూడో వంతు కన్నా కాస్త ఎక్కువ కాల్స్ వస్తే చాలు. కానీ మనిషి మనసు ఈ లెక్క వేసుకోదు. పారిపోయినవాడు కళ్ళకి కనిపిస్తాడు, వాడు పోయాడని బాధ. ఇరవై అయిదుకి కాల్ చేసినవాడి జేబులో మిగిలిపోయిన యాభై ఎవరికీ కనిపించదు.

ఇది నాకు పుస్తకం చదివి తెలిసింది కాదు. చాలా ఏళ్ళ క్రితం ఒక కాసినోలో నాకు ఫుల్ హౌస్ (ఒకే అంకెవి మూడు, పైన ఇంకో జత) వచ్చింది. పాట్ 140. నీలాగే భయపడి 30 వేశాను. ఎదురుగా ఉన్న మనిషి 30 ముందుకు తోసి, ఆసుతో ఫ్లష్ (ఒకే రంగువి ఐదు ముక్కలు, ఫుల్ హౌస్ కన్నా కింద) చూపించి, నా ముక్కలు చూశాక నవ్వుతూ ‘థాంక్యూ’ అన్నాడు. ఓడినవాడు థాంక్యూ ఎందుకన్నాడో నాకు ఇంటికెళ్ళే దారిలో వెలిగింది. కనీసం వంద పోవాల్సిన చోట ముప్ఫైతో వదిలిపెట్టాను మరి.

ఫ్లాప్, టర్న్‌లలో లెక్క ఇంత సూటిగా ఉండదు. అక్కడ ఎదుటివాడు ఫోల్డ్ అయితే, అంటే ముక్కలు పడేస్తే, తర్వాతి పందేలు కూడా పోతాయి. అయినా అక్కడే పెద్ద పందేనికి ఇంకో బలమైన కారణం ఉంది. పాట్ చక్రవడ్డీలా పెరుగుతుంది. ఫ్లాప్‌లో వేసినది టర్న్ పందేనికి అసలు అవుతుంది, రెండూ కలిసి రివర్ పందేనికి అసలు అవుతాయి. మొదట్లో పిసినారితనం చేస్తే చివర్లో ఎంత ఉదారంగా వేద్దామన్నా పాట్ సహకరించదు.

నీ ఆటే మళ్ళీ ఆడదాం. ఫ్లాప్ పాట్ 30, సుమారు మూడింట రెండు వంతులు, 20 వెయ్యి. కాల్ చేస్తే పాట్ 70. టర్న్‌లో 45. కాల్ చేస్తే 160. రివర్‌లో 110. అంతా కలిపి 175. నీకు వచ్చిన 50కి మూడున్నర రెట్లు. ఏ ఒక్క పందెమూ ‘అమ్మో’ అనిపించేంత పెద్దది కాదు, ప్రతిసారీ పాట్ కన్నా తక్కువే.

ఆయన దగ్గరున్న 285 మొత్తం రివర్‌కల్లా లోపలికి రావాలంటే? అప్పుడు వెనక నుంచి లెక్క కట్టాలి. చివరికి పాట్ 600 కావాలి, ఇప్పుడు 30 ఉంది, అంటే ఇరవై రెట్లు. మూడు విడతల్లో ఇరవై రెట్లు పెరగాలంటే ప్రతి విడతకీ సుమారు 2.7 రెట్లు పెరగాలి. దానికి ప్రతిసారీ పాట్‌లో 86 శాతం వేస్తే సరిపోతుంది: 26, తర్వాత 70, తర్వాత 189. కూడి చూడు, సరిగ్గా 285. టేబుల్ దగ్గర ఘనమూలాలు తీయమని చెప్పడం లేదు. వంద బిగ్ బ్లైండ్ల డబ్బుతో, అంటే నీ 300తో, రైజ్ చేసిన పాట్‌లో ఒక్కరే మిగిలితే, మూడుసార్లూ పాట్‌కి కాస్త తక్కువగా వేస్తే మొత్తం డబ్బు లోపలికి వస్తుంది. అంత గుర్తుంటే చాలు.

అదే ఆయన ముందు 90 డాలర్లే ఉన్నాయనుకో. అప్పుడు 14, 26, 50 సరిపోతాయి. మూడుసార్లూ సగం పాట్ కన్నా కాస్త తక్కువ. కాబట్టి నీ ముక్కల కన్నా ముందు చూడాల్సింది ఎదుటివారి చిప్స్ దొంతర. నీ ముందు వెయ్యి ఉన్నా, ఆయన దగ్గర 90 ఉంటే అది 90 డాలర్ల ఆటే.

ఇక్కడ చాలామంది తెలివిగా అనుకుని చేసే పని ఒకటుంది. సెట్ కొట్టి ఫ్లాప్‌లో చెక్ చేసి (పందెం వేయకుండా వదిలేసి), వల వేశామని మురిసిపోవడం. సరే, 30 పాట్ అలాగే ఉండిపోయింది. ఇక రెండు విడతలే మిగిలాయి. 285 మొత్తం రావాలంటే టర్న్‌లో 52, రివర్‌లో 233 వెయ్యాలి. 30 పాట్‌లో 52! 134 పాట్‌లో 233! ఆసు రాజు పట్టుకున్నవాడు కూడా అక్కడ ఆగి నీ మొహం కేసి చూస్తాడు. ఫ్లాప్‌లో ఓ పాతిక వేసి ఉంటే ఏ అనుమానమూ లేకుండా ఇచ్చేవాడు.

ఆ ఫ్లాప్ కూడా పందెం వెయ్యమని నిన్ను పిలుస్తోంది. రాజు ఒకటి కింద పడింది, మిగతా మూడు రాజులూ బయటే ఉన్నాయి. ఆసు రాజు, రాజు రాణి, రాజు జాకీ, ఇవేవీ ఒక్క పందేనికి పోవు, అది 10 అయినా 20 అయినా 26 అయినా. ఆఠీన్లు రెండు పట్టుకున్నవాడూ పోడు, ఇంకోటి పడితే వాడికి ఫ్లష్. 10కి ఉండి 20కి పోయేది ఆరుల జత లాంటిది. వాడు ఎలాగూ టర్న్‌లో పోయేవాడే, వాడి కోసం మిగతావాళ్ళకి డిస్కౌంట్ ఎందుకు? నీ దగ్గర రాజుల సెట్ ఉంటే నేనింత గట్టిగా చెప్పను, ఎందుకంటే అప్పుడు ఎదుటివారికి ఉండాల్సిన రాజులు నీ చేతిలోనే ఉంటాయి. ఫ్లాప్‌లో ఆసు, ఏడు, రెండు తలో రంగులో పడి, నీ చేతిలో రెండు ఆసులు ఉంటే మరీను. ఎదుటివారికి కాల్ చేయడానికి ఏమీ మిగల్లేదు. అక్కడ చిన్న పందెం, ఒక్కోసారి చెక్ కూడా న్యాయమే. నిజానికి పందెం సైజు నీ ముక్కల బలం మీద కాదు, ఎదుటివారి దగ్గర ఏం ఉండొచ్చు, అవి ఎంతకి కాల్ చేస్తాయి అన్నదాని మీద ఆధారపడాలి.

ఆఠీన్లు పట్టుకున్నవాడి సంగతి విడిగా చెప్పాలి. వాడి డబ్బు రివర్‌కి ముందే తీసుకోవాలి. రివర్‌లో ఆఠీన్ రాకపోతే వాడు నీకు ఒక్క డాలరు కూడా ఇవ్వడు. వస్తే తీసుకునేది వాడే. నీ టర్న్ పందెం చూడు. పాట్ 50, నువ్వు 15 వేశావు. వాడు 15 పెట్టి 65 గెలవడానికి ఆడుతున్నాడు. మొత్తం 80లో వాడి వాటా 15, అంటే 19 శాతం. వాడికి తెలియని ముక్కలు 46, అందులో ఆఠీన్లు 9, అంటే దాదాపు 20 శాతం. వాడి కాల్ వాడి లెక్క ప్రకారం కరెక్టే! టికెట్ నువ్వే చవగ్గా అమ్మావు. అక్కడ 35 వేసి ఉంటే వాడు మొత్తం 120లో 35, అంటే 29 శాతం పెట్టాల్సి వచ్చేది. 20 శాతం అవకాశానికి 29 శాతం ధర. ఆ తేడా అంతా నీది. (వాడికి తెలియని రహస్యం ఇంకోటుంది. ఆఠీన్ ఎనిమిది పడితే నీకు నాలుగు ఎనిమిదులు, ఆఠీన్ తొమ్మిది పడితే ఫుల్ హౌస్. అవి వాడి చేతిలో లేకపోతే, వాడు లెక్కపెట్టుకునే తొమ్మిదిలో రెండు నకిలీవి.)

ఇప్పుడు జాకీలకి 25, ఆసులకి 8 అన్నావే, దాని సంగతి. నవ్వుకున్నాను, తర్వాత జాలేసింది. మీ బేస్‌మెంట్ మిత్రులకి ఇది తెలియదని అనుకుంటున్నావా? కొన్ని శనివారాలు గమనిస్తే చాలు, నువ్వు 8 వేసిన రోజు ఆసులు, 25 వేసిన రోజు భయం అని పిల్లలకి కూడా అర్థమైపోతుంది. పైగా ఆసులకి నువ్వు చేస్తున్నది తలకిందులు. ఏ ముక్కలైనా సరే ఒక్కరి మీద ఆడితే ఆసుల జత గెలిచే అవకాశం 85 శాతం. నలుగురి మీద 56 శాతం. నిన్ను ముంచినట్టు ఐదుగురు వస్తే సగం కూడా లేదు. చేతికి ఆసుల జత రావడం 221 ఆటలకి ఒకసారి, కాసినోలో ముక్కలు పంచే వేగానికి ఎనిమిది గంటలకి ఒకసారి. ఆ ఒక్కసారి కోసం ఎనిమిది డాలర్లకి ఊరందరికీ భోజనాలు పెడతావా?

ఆసులకీ, జాకీలకీ, నువ్వు రైజ్ చేసే ఏ ముక్కలకైనా ఒకే రేటు పెట్టుకో. 1–3 టేబుల్ మీద 15 మంచి రేటు. నీ కన్నా ముందు ఎవరైనా 3 వేసి కూర్చుంటే ఒక్కొక్కరికి ఇంకో 3 చొప్పున కలుపు. 15కి కూడా నలుగురు వచ్చే టేబుల్ అయితే 20 చెయ్యి, అక్కడి జనం ఎంతకి ఆగుతారో అరగంటలో తెలిసిపోతుంది. ఇంకో సంగతి. చాలా కాసినోలు పాట్ నుంచి ఒక శాతం కోసుకుంటాయి, కానీ ఒక పరిమితి దాటాక కోత ఆగిపోతుంది. అందుకని చిన్న పాట్లలో వాళ్ళ వాటా బరువు ఎక్కువ. నీలా అన్నీ చిన్న పాట్లే గెలిచేవాడు కాసినోకి ముద్దుబిడ్డ.

ఇంటి ఆటకి కోత లేదు కానీ మనుషుల్ని బట్టి మార్చాలి. మీ ఆటలో కూడా ఒక మామగారు ఉండే ఉంటారు, కూతురింటికి ఆరు నెలలకి వచ్చి, ‘చూద్దాం నాయనా, ఏం పోయింది’ అంటూ రివర్ దాకా దిగేవారు. ఆయన మీద బ్లఫ్ వృథా. చిన్న పందెం కూడా వృథానే. ఆయనకి మూడింట రెండు వంతులు అన్నా, పూర్తి పాట్ అన్నా ఒకటే, ఆయన ముక్క చూడటానికి వచ్చారు. అదే మీలో ఒక సాఫ్ట్‌వేర్ మేధావి ఉంటాడు, ఎవరు ఎప్పుడు ఎంత వేశారో అన్నీ గుర్తుపెట్టుకునేవాడు. వాడి ముందు పెద్ద పందేలు సెట్లకే వేస్తే రెండో నెలకల్లా కాల్ చేయడం మానేస్తాడు. ఆఠీన్లు రెండు పట్టుకుని ఇంకోటి కోసం ఎదురుచూసేటప్పుడు కూడా అదే 20, అదే 45 వెయ్యి. నీ చేతిలో ఏముందో తెలియక వాడికి నిద్రపట్టకూడదు. (అన్నట్టు, మామగారి దగ్గర 285 ఖాళీ చేయించే బాధ్యత నేను తీసుకోను. అక్కడ బ్లైండ్లు సెంట్లలో పెట్టుకోండి.)

ఇండియా నుంచి ఇది చదివేవాళ్ళకి ఒక మాట. తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ పేకాట మీద నిషేధ చట్టాలు ఉన్నాయి. 2025లో కేంద్రం కూడా డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధిస్తూ చట్టం తెచ్చింది. ఇది చదివి ఏదో యాప్‌లో ప్రయత్నిద్దామని అనుకోకండి, లెక్క కావాలంటే చింతపిక్కలతో ఆడినా వస్తుంది.

మళ్ళీ నీ దగ్గరికి. పెద్దగా వెయ్యమన్నానని ప్రతి మంచి చేతికీ అదే సూత్రం అనుకోకు. నీ దగ్గర సెట్ కాకుండా రాజు, పది ఉన్నాయనుకో. అదే ఫ్లాప్, అదే టర్న్, అదే రివర్. రివర్‌లో పాట్ మొత్తం కొడితే ఎవరు కాల్ చేస్తారు? ఆసు రాజు, రాజు రాణి, రాజు జాకీ, రెండు జతలు. అందరూ నీ కన్నా పైవాళ్ళే. రివర్‌లో కాల్ చేసినప్పుడు సగానికి పైగా సార్లు నువ్వు గెలిస్తేనే ఆ పందేనికి అర్థం ఉంది. అలాంటి చేతికి మూడో వంతు వెయ్యి, రాజు చిన్న ముక్కతో ఉన్నవాడో, పదుల జత పట్టుకుని అనుమానపడుతున్నవాడో కాల్ చేస్తాడు. నీ 25 డాలర్ల పందెం చెడ్డది కాదు. అది రాజు పదికి వెయ్యాల్సిన పందెం, మూడు ఎనిమిదులకి వేశావు.

ఇక నీ ఆఖరి ప్రశ్న, మూడో ఆఠీన్ పడితే. నేను చెప్పినట్టు ఆడి ఉంటే రివర్‌కి పాట్ 160, చెరో 220 మిగిలి ఉంటాయి. డైమండ్ రెండు బదులు ఆఠీన్ నాలుగు పడిందనుకుందాం. ఆ పెద్దాయన చెక్ చేస్తే నేను 55 వేస్తాను. ఆసు రాజుతో గొణుక్కుంటూనైనా 55 ఇస్తారు. 110 వేస్తే ఆసు రాజు పోయి, ఫ్లష్ మిగులుతుంది. అసలు చెక్ చేయను, ఎందుకంటే టర్న్ దాకా రాజు పట్టుకుని వచ్చినవాళ్ళే ఎక్కువమంది. ఒకవేళ 55కి ఆయన మొత్తం 220 ముందుకు తోశారనుకో. సాయంత్రం నుంచీ కాల్ తప్ప రైజ్ అన్న మాట ఆయన నోట వినకపోతే, మూడు ఎనిమిదుల్నీ ఒకసారి తనివితీరా చూసుకుని డీలర్ వైపు జరిపెయ్యి. చిన్న టేబుళ్ళ మీద అలాంటి మనిషి రివర్‌లో రైజ్ చేస్తే ఫ్లష్ ఉన్నట్టే. నాలుగు బదులు ఆఠీన్ తొమ్మిది పడి ఉంటే మాత్రం నీది ఫుల్ హౌస్, 220 మొత్తం నువ్వే ముందుకు తొయ్యి.